కొసల కాయితం

బల్లార్షా స్టేషన్ బయట మా జిరాక్సు దుకాణంలో
తెలుగు టైపు వచ్చిన వేళ్ళు నా పదే.
పెళ్ళి కార్డులు, పదో రోజు పత్రికలు,
కులసంఘం రసీదు పుస్తకాలు.
సినిమా స్క్రిప్టు మాత్రం ఇదే మొదలు.

జాడి బక్కన్న సిమెంటు సంచిలో మోసుకొచ్చాడు.
పేపరు మిల్లులో కటింగ్ సెక్షన్, పోయినేడు రిటైరు.
సంచి నిండా సన్నగా, పొడుగ్గా, జొన్నాకుల్లా
షీట్లు కోయగా మిగిలిన కొసలు.
కొసకొక సీను.

హైదరాబాదు పోటీ. నియమాలు ఫోన్లో నేను చదువుతుంటే
ఇంటర్వ్యూకొచ్చిన పిల్లాడిలా
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని స్టూలు మీద ఆయన.

స్క్రిప్టు ఏ ఫోర్ సైజులో ఉండవలెను.
పకపకా నవ్వాడు.
"ముప్పై ఒక్క ఏండ్లు గదే కోసిన గద బిడ్డా!
ఇరవై ఒకటి, ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు.
ఈ బొటనేలు సగం గా కొలతకే పాయె."

వయసు పద్దెనిమిది నుంచి నలభై లోపు.
ఇద్దరం కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం.
"రాసుడు షురూ జేసిన్నాడు ముప్పై ఆరు.
గది నడ్వదా?"
నడుస్తుందో లేదో రాయడానికి ఫారంలో గడి లేదు.

రాష్ట్రం ఎంచుకొనుము.
"ఇంకింత కిందికి జరుపు, వైశాలీ."
జరిపాను. రెండే ఉన్నాయి.
"నాగపూరోళ్ళు మరాఠీల రాయిమన్నరు.
మా అవ్వ నన్ను తిట్టింది తెలుగుల గదా,
గా తిట్లు నేనేడికెల్లి తెచ్చి మరాఠీ జెయ్యాలె?"

మంచిర్యాలలో మా చిన్నమ్మ ఉంది.
ఆమె ఇంటి నంబరు వేసేస్తానన్నాను.
ఆలోచించాడు. బయట వెదురు లారీ ఒకటి
రోడ్డంతా గీసుకుంటూ పోయింది.
"గెలిస్తే ఉత్తరం ఆమెకే పోతది.
ఆమె నా తీరుగ సంబురపడుతదా?"

సంభాషణలన్నీ తెలుగులోనే ఉండవలెను.
ఆయన మనుషులు సూపర్‌వైజరుతో మరాఠీ,
రైల్లో టీసీతో హిందీ,
జ్వరమొస్తే తెలుగు.

కథ నిజ సంఘటనల ఆధారమా?
అవును.
అయితే, బతికున్న వ్యక్తుల సమ్మతి పత్రాలు జతపరచవలెను.
"బాయిలర్ కాడ ముగ్గురం ఉంటిమి," అన్నాడు.
తర్వాత జేబులోంచి పెన్ను తీసి
సమ్మతి ఎక్కడ రాయాలో చూపించమన్నాడు.

సహరచయిత ఉన్నచో సంతకం.
"బీడీలు చుట్టుకుంట మా ఎల్లుబాయి చెప్పింది సగం.
సైరన్ మోగినంక ఇండ్లల్ల ఏమైందో నాకెట్ల ఎరుక?"
ఎల్లుబాయి వేలిముద్ర వేస్తుంది.
వేలిముద్రల గురించి వాళ్ళేమీ అనలేదు.

కథాసారం ఇరవై అయిదు పదాల్లో.
దీనికే చాలాసేపు పట్టింది.
చెడిపోయిన పెళ్ళికార్డు వెనక రాసిచ్చాడు:
సైరన్ మోగింది. ఎవ్వలూ లోపలికి పోలేదు.
"అయిదే అయినయి, బక్కన్నా."
"కడమ ఇరవై ఇంకెవలికన్న ఇయ్యుమను."

ఫీజు ఏడు వందల యాభై, తిరిగి ఇవ్వబడదు.
నోట్లు తడిపి మూడుసార్లు లెక్కపెట్టాడు.
నేనింకా కట్టలేదు, సొరుగులోనే ఉన్నాయి.

మిషన్‌లో కొత్త రీము పెట్టబోతే
అట్ట మీద మా ఊరి పేరు.
ఇదే కాగితం అర్హత ఎవరూ అడక్కుండానే
రోజూ వంతెన దాటి ఆ ఊరికి పోతోంది.
వాళ్ళ నియమాలు కూడా దీని మీదే అచ్చయ్యాయేమో.
బక్కన్నకు చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

ఫారం సగంలోనే ఉంది. గడువు శుక్రవారం.
పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరించే చిన్న డబ్బా
ఖాళీగా నా వైపే చూస్తోంది.
దుకాణం షట్టరు సగం దించి
నలభై మూడో కొస టైపు చేస్తున్నాను:

రాత్రి. బయట. వర్ధా వంతెన.
పొగమంచులో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు.
ఏ భాషలోనో
బక్కన్న రాయలేదు.